కల్నల్ జనరల్ అంటే కల్నలా, జనరలా? మూడు నక్షత్రాల జర్మన్ ర్యాంకు కథ

వెంకటాచలం నుంచి మాట్లాడుతున్నా.

మా ఊరి దగ్గర హైవే సర్వీసు రోడ్డు మీదికి తెల్లవారుజామున ఐదింటికి వచ్చి చూడండి. పది పన్నెండు మంది కుర్రాళ్లు పరిగెత్తుతా ఉంటారు. అగ్నివీర్ ర్యాలీ కోసం ప్రాక్టీసు. 1600 మీటర్లు టైములో కొట్టాలి. ఇప్పుడు వాళ్లకి అదే లోకం. మొన్న వాళ్లలో ఒకబ్బాయి టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, రాత్రి ఫోన్‌లో హిట్లర్ టైము సినిమా ఒకటి చూశా. ఒక ఆఫీసర్ వస్తే కింద 'కల్నల్ జనరల్' అని పడింది. కల్నల్ చిన్నోడు కదా, జనరల్ పెద్దోడు కదా. ఈ రెండూ కలిసినోడు ఎవరన్నా? మధ్యలోవాడా?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. మధ్యలోవాడు కాదు, దాదాపు అందరికంటే పైవాడు. ఆ పేరు వెనక ఒక రాజకుమారుడు ఉన్నాడు, హిట్లర్ ఇచ్చిన డబ్బుంది, ఒక ఉరికంబం ఉంది, చివరికి ఒక కోర్టు తీర్పు కూడా ఉంది. మన భారత సైన్యం చేతికి చిక్కిన మనిషి కూడా ఉన్నాడు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

ముందు మన నిచ్చెన

జర్మనీకి వెళ్లేముందు మన సైన్యం సంగతి చూద్దాం. మన దగ్గర పై ర్యాంకులు ఇలా ఉంటాయి. కల్నల్, ఆ పైన బ్రిగేడియర్, ఆ పైన మేజర్ జనరల్, ఆ పైన లెఫ్టినెంట్ జనరల్, ఆ పైన జనరల్. కారు ముందు ప్లేట్ మీద నక్షత్రాలు లెక్కబెడితే బ్రిగేడియర్‌కి ఒకటి, మేజర్ జనరల్‌కి రెండు, లెఫ్టినెంట్ జనరల్‌కి మూడు, జనరల్‌కి నాలుగు. ఐదు నక్షత్రాల ఫీల్డ్ మార్షల్ ర్యాంకు మన సైన్యంలో ఇద్దరికే వచ్చింది. 1973లో మానెక్‌షాకి, 1986లో కరియప్పకి.

ఇక్కడే చాలామందికి ఒక డౌట్ వస్తుంది. మేజర్ కంటే లెఫ్టినెంట్ చిన్నవాడు కదా, మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ పెద్దవాడు ఎట్లా అయ్యాడు? కారణం సింపుల్. పాతకాలం యూరప్ సైన్యాల్లో మేజర్ జనరల్ అసలు పేరు సార్జెంట్ మేజర్ జనరల్. లెఫ్టినెంట్ అంటే పెద్దాయన బదులు పని చూసే మనిషి, అంటే ఉపసేనాని. సార్జెంట్ మేజర్ ఆయన కింద ఉండేవాడు. కాలం గడిచేకొద్దీ 'సార్జెంట్' అనే మాట ఊడిపోయింది, మేజర్ జనరల్ మిగిలింది. పేరు చూసి ర్యాంకు లెక్కగట్టకూడదు అనడానికి ఇది మొదటి పాఠం.

మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు గారిని తీసుకోండి. 1942లో మహర్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా చేరారు. 1971 యుద్ధంలో మేజర్ జనరల్‌గా 8వ మౌంటెన్ డివిజన్‌ని నడిపించారు, సిల్హెట్ వైపు పోరాడిన డివిజన్ అది. 1981 జూన్ 1న సైన్యాధిపతి అయ్యారు. అంటే మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకి 39 ఏళ్లు. ఈ 39 అనే అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

పేరులో తిరకాసు

ఇప్పుడు జర్మనీ. సినిమాలో కింద పడిన 'కల్నల్ జనరల్' అసలు జర్మన్ పేరు గెనెరాల్‌ఓబెర్స్ట్. జర్మన్‌లో 'ఓబెర్స్ట్' అంటే కల్నల్. కానీ ఆ మాటకి అసలు అర్థం 'అందరికంటే పైన ఉన్నవాడు' అని. ఒకప్పుడు రెజిమెంటుకి కల్నలే పైవాడు కాబట్టి ఆయనకి ఆ పేరు వచ్చింది. గెనెరాల్‌ఓబెర్స్ట్ అన్నప్పుడు మాత్రం అర్థం 'జనరళ్లలోకెల్లా పైవాడు'. డిక్షనరీ పెట్టుకుని మాటకి మాట ఇంగ్లీషులోకి మార్చేసరికి 'కల్నల్ జనరల్' అయి కూర్చుంది. ఇంగ్లీషు నుంచి మన సబ్‌టైటిల్‌కి వచ్చింది. మా కుర్రాడు తికమకపడింది అక్కడే.

ఈ ర్యాంకు ఎందుకు పుట్టింది?

1854. అప్పటికి జర్మనీ ఒక దేశంగా లేదు, ప్రష్యా అనే రాజ్యం ఉంది. ఆ రాజ్యంలో రాజు తమ్ముడు విల్‌హెల్మ్. తర్వాత ఈయనే మొదటి జర్మన్ చక్రవర్తి అయ్యాడు. ఈయన సైన్యంలో పెద్ద అధికారి. ఇంకో మెట్టు ఎక్కించాలి. పైన ఉన్నది ఒక్క ఫీల్డ్ మార్షల్ ర్యాంకే. కానీ ఆనవాయితీ ప్రకారం రాజకుటుంబం వాళ్లకి ఆ ర్యాంకు ఇవ్వరు. అది యుద్ధంలో పెద్ద విజయం సాధించినవాళ్లకి దక్కే గౌరవం.

అప్పుడేం చేశారు? జనరల్‌కి ఫీల్డ్ మార్షల్‌కి మధ్యలో ఒక కొత్త మెట్టు కట్టారు. అదే గెనెరాల్‌ఓబెర్స్ట్. రాజకుమారుడి కోసం కట్టిన మెట్టు, ఆ తర్వాత మామూలు సేనానులకి కూడా దారి అయింది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి జర్మనీలో పెద్ద పెద్ద సైన్యాల్ని నడిపినవాళ్లలో చాలామంది ఈ ర్యాంకువాళ్లే. 1914లో జనరల్ స్టాఫ్ అధిపతిగా ఉన్న చిన్న మోల్ట్‌కెది ఇదే ర్యాంకు. హిండెన్‌బర్గ్ అయితే 1911లోనే రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. 1914 ఆగస్టులో మళ్లీ పిలిచారు. టానెన్‌బర్గ్ దగ్గర రష్యన్లని ఓడించగానే గెనెరాల్‌ఓబెర్స్ట్, నవంబర్ వచ్చేసరికి ఫీల్డ్ మార్షల్.

భుజం మీద లెక్క

మన నక్షత్రాల లెక్క జర్మనీలో పనికిరాదు. హిట్లర్ కాలం సైన్యంలో బ్రిగేడియర్ లాంటి ర్యాంకే లేదు. కల్నల్ తర్వాత నేరుగా మేజర్ జనరల్. ఎర్రటి గుడ్డ మీద బంగారు, వెండి దారాలు అల్లిన భుజం పట్టీ ఉంటుంది. మేజర్ జనరల్ పట్టీ మీద ఒక్క నక్షత్రం కూడా ఉండదు. లెఫ్టినెంట్ జనరల్‌కి ఒకటి. ఆ పైన జనరల్‌కి రెండు. ఆయన్ని ఊరికే జనరల్ అనరు, ఏ దళం నుంచి వచ్చాడో కలిపి చెప్తారు. కాల్బలం జనరల్, ఫిరంగి దళం జనరల్, ట్యాంకుల దళం జనరల్, ఇట్లా. ఆ పైన మూడు నక్షత్రాలతో మన గెనెరాల్‌ఓబెర్స్ట్. ఆయన పైన అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలతో ఫీల్డ్ మార్షల్.

కాబట్టి మూడు నక్షత్రాలు చూసి "ఓహో, మన లెఫ్టినెంట్ జనరల్ అన్నమాట" అనుకుంటే తప్పు. పని చూసి పోల్చాలి. ఆయన చేతి కింద ఒక 'ఆర్మీ', అంటే లక్ష, రెండు లక్షల మంది ఉండేవాళ్లు. ఒక్కోసారి అలాంటి ఆర్మీలు కొన్ని కలిపి ఉండేవి. మన నాలుగు నక్షత్రాల జనరల్‌తో సమానం అనుకోండి. నౌకాదళంలో దీనికి సమానమైన ర్యాంకు గెనెరాల్‌అడ్మిరాల్.

ర్యాంకు ఎరగా మారినప్పుడు

కథ ఇక్కడ నల్లబడుతుంది. 1934 ఆగస్టు 2న జర్మన్ సైనికులందరి చేతా కొత్త ప్రమాణం చేయించారు. దేశానికి కాదు, రాజ్యాంగానికి కాదు, హిట్లర్ అనే ఒక మనిషికి విధేయంగా ఉంటామని. పేరు పెట్టి మరీ.

ప్రమాణం ఒక్కటే కాదు, డబ్బు కూడా. జీతం కాకుండా, పన్ను లేకుండా, గుట్టుగా హిట్లర్ నిధి నుంచి నెలనెలా పైసలు వెళ్లేవి. ఫీల్డ్ మార్షల్‌కి నెలకి 4,000 రైష్‌మార్కులు, గెనెరాల్‌ఓబెర్స్ట్‌కి 2,000. కొందరికి ఎస్టేట్లు కూడా ఇచ్చారు. ట్యాంకుల యుద్ధానికి పేరు మోసిన గుడేరియన్‌కి అలా ఒక ఎస్టేట్ దక్కింది. ఇక 'కాదు' అనడానికి నోరెట్లా వస్తుంది చెప్పండి?

ర్యాంకులు ఇచ్చే స్పీడు కూడా చూడండి. కృష్ణారావు గారికి 39 ఏళ్లు అన్నాను కదా. రోమెల్ 1942 జనవరి చివర్లో గెనెరాల్‌ఓబెర్స్ట్ అయ్యాడు. జూన్‌లో టోబ్రూక్ పట్టుకోగానే ఫీల్డ్ మార్షల్. ఐదు నెలలు కూడా కాలేదు.

ఇంకా ఘోరం పౌలుస్‌ది. స్టాలిన్‌గ్రాడ్‌లో ఆరో ఆర్మీని నడిపినవాడు. ఆ సైన్యం చుట్టూ రష్యన్ల ఉచ్చు బిగిసింది. తిండి లేదు, గుండ్లు లేవు, గడ్డకట్టే చలి. లొంగిపోవడానికి హిట్లర్ ఒప్పుకోలేదు. 1943 జనవరి 30న పౌలుస్‌ని ఫీల్డ్ మార్షల్ చేస్తున్నట్టు కబురు పంపాడు. ఎందుకో తెలుసా? అప్పటిదాకా ఏ జర్మన్ ఫీల్డ్ మార్షలూ ప్రాణాలతో శత్రువుకి చిక్కలేదు. అంటే, నువ్వు చచ్చిపో అని చెప్పకుండా చెప్పడం. ప్రమోషన్ లెటర్ రూపంలో వచ్చిన మరణశాసనం అది.

పౌలుస్ చావలేదు. మర్నాడు లొంగిపోయాడు. అక్కడ దాదాపు 91,000 మంది బందీలయ్యారు. వాళ్లలో ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేల మందే. ఫీల్డ్ మార్షల్ 1953లో విడుదలయ్యాడు. ఎవరి ర్యాంకు ఎవరి ప్రాణం మీదికి తెచ్చిందో లెక్క మీరే వేసుకోండి.

మన డివిజన్ చేతికి చిక్కిన గెనెరాల్‌ఓబెర్స్ట్

ఇప్పుడు మనకి సంబంధించిన భాగం. రోమెల్ ఆఫ్రికా వదిలి వెళ్లిపోయాక, 1943 మార్చిలో అక్కడి సేనలన్నీ ఫాన్ ఆర్నిమ్ చేతికి వచ్చాయి. ఆయన గెనెరాల్‌ఓబెర్స్ట్. ట్యునీషియాలో ఒక మూలకి నెట్టబడ్డాడు. వెనక సముద్రం, ముందు శత్రువు, పెట్రోలు అయిపోయింది.

1943 మే 12న ఆయన హెడ్‌క్వార్టర్స్‌ని చుట్టుముట్టింది ఎవరనుకున్నారు? భుజం మీద ఎర్ర గద్ద గుర్తు వేసుకున్న నాలుగో భారత డివిజన్. అందులోని గూర్ఖాలు, వాళ్లతో ఉన్న బ్రిటిష్ సైనికులు. ఆ డివిజన్‌లో రాజపుతానా రైఫిల్స్ ఉంది, పంజాబ్ వాళ్లున్నారు, దారులు వేసి మందుపాతరలు తీసే పనిలో మద్రాస్ శాపర్స్ వాళ్లున్నారు. అప్పట్లో మన నెల్లూరు జిల్లా మద్రాస్ ప్రెసిడెన్సీలోదే. మద్రాస్ శాపర్స్‌లో తమిళులు, మలయాళీలతో పాటు మన తెలుగువాళ్లు కూడా చేరేవాళ్లు.

ఆ డివిజన్ కమాండర్ టూకర్ ఒక మేజర్ జనరల్. లొంగిపోయిన ఆర్నిమ్ ర్యాంకులో ఆయనకంటే చాలా పైన. అయినా ఆ రోజు ర్యాంకు ఏం పని చేసింది? ఆర్నిమ్ అక్కడ కూడా ఒక మెలిక పెట్టాడు. నేనూ నా హెడ్‌క్వార్టర్సూ లొంగిపోతాం గానీ, మిగతా దళాల తరఫున ఆ మాట చెప్పలేను అన్నాడు. పైనుంచి వచ్చిన ఆర్డర్ చివరిదాకా పోరాడమనే కదా. మర్నాటికి పోరాటమే ఆగిపోయింది. ట్యునీషియాలో బందీలైనవాళ్లు రెండు లక్షల పైనే.

అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ ఆర్నిమ్‌ని కలవడానికే ఒప్పుకోలేదు. పట్టుబడ్డ జనరల్‌తో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడటం పాతకాలం పద్ధతి. ఇది అలాంటి యుద్ధం కాదని ఆయన ఉద్దేశం.

'కాదు' అన్నవాళ్లు, అనలేనివాళ్లు

అందరూ ఒకేలా ఉన్నారా అంటే లేరు. లూడ్‌విగ్ బెక్ అని జనరల్ స్టాఫ్ అధిపతి ఉండేవాడు. చెకోస్లోవేకియా మీద దాడి దేశాన్ని ముంచుతుందని, జనరళ్లందరం కలిసి రాజీనామా చేద్దామని అడిగాడు. ఎవరూ రాలేదు. 1938 ఆగస్టులో ఒక్కడే దిగిపోయాడు. గెనెరాల్‌ఓబెర్స్ట్ హోదాతో ఇంటికి పంపారు. 1944 జూలై 20న హిట్లర్‌ని చంపే ప్రయత్నంలో ఆయన ఉన్నాడు. అది విఫలమైంది, ఆ రాత్రే ప్రాణం పోయింది.

ఎరిక్ హోప్నెర్ సంగతి ఇంకా చిక్కు. రష్యా మీద దాడికి ముందు తన దళాలకి ఏమాత్రం దయ చూపొద్దని ఆదేశం ఇచ్చినవాడు. అదే మనిషి 1942 జనవరిలో, సైనికుల్ని కాపాడుకోవడానికి అనుమతి లేకుండా వెనక్కి తగ్గాడు. హిట్లర్ యూనిఫాం తీయించి, పింఛను తీసేసి తరిమేశాడు. తర్వాత జూలై 20 కుట్రలో దొరికి 1944 ఆగస్టు 8న ఉరి. ఈయన్ని హీరో అనాలా, దోషి అనాలా? రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచకూడదు.

ఇక అల్‌ఫ్రెడ్ యోడ్ల్. యుద్ధమంతా హిట్లర్ పక్కనే కూర్చుని ఆదేశాలు రాసినవాడు. 1944 అక్టోబర్‌లో ఉత్తర నార్వే జనాన్ని ఖాళీ చేయించి ఇళ్లు తగలబెట్టమన్న ఆదేశం మీద ఉన్నది ఈయన సంతకమే. 1945 మే 7న రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది కూడా గెనెరాల్‌ఓబెర్స్ట్ యోడ్లే. మర్నాడు బెర్లిన్‌లో రెండోసారి సంతకాలు జరిగినప్పుడు వైమానిక దళం తరఫున చేసిన ష్టుంఫ్ కూడా గెనెరాల్‌ఓబెర్స్టే.

న్యూరెంబర్గ్ కోర్టులో యోడ్ల్ వాదన ఏంటంటే, నేను సైనికుణ్ణి, ఆర్డర్ పాటించాను. కోర్టు ఒప్పుకోలేదు. 1946 అక్టోబర్ 16న ఉరి తీశారు.

ఆ ర్యాంకు ఇప్పుడు ఉందా?

యుద్ధం తర్వాత దేశం రెండైంది. పశ్చిమ జర్మనీ 1955లో కొత్త సైన్యం పెట్టుకున్నప్పుడు గెనెరాల్‌ఓబెర్స్ట్‌నీ ఫీల్డ్ మార్షల్‌నీ పక్కన పెట్టేసింది. ఒకటి నుంచి నాలుగు నక్షత్రాల దాకా నాలుగే జనరల్ ర్యాంకులు, ఇప్పటి జర్మనీలోనూ అంతే. తూర్పు జర్మనీ మాత్రం ఆ పేరు ఉంచుకుంది. వాళ్లు సోవియట్ పద్ధతిలో నడిచారు. సోవియట్ సైన్యం 1940లోనే ఇదే ర్యాంకుని తమ భాషలో పెట్టుకుని ఉంది. రష్యాలో ఇప్పటికీ ఉంది.

తూర్పు జర్మనీ గెనెరాల్‌ఓబెర్స్ట్‌లలో ఒకరు ఫ్రిట్జ్ ష్ట్రెలెట్జ్. బెర్లిన్ గోడ దాటి పారిపోబోయినవాళ్లని సరిహద్దులో కాల్చి చంపారు కదా, ఆ వ్యవస్థని నడిపిన పెద్దల్లో ఈయనొకడు. 1990లో రెండు జర్మనీలూ కలిశాయి, ఆ ర్యాంకు జర్మనీలో అక్కడితో ఆగిపోయింది. 1993లో బెర్లిన్ కోర్టు ఈయనకి ఐదున్నరేళ్ల జైలు వేసింది. మా దేశం చట్టం ప్రకారమే చేశాం అని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లాడు. 2001లో అక్కడా ఓడిపోయాడు. ఒక రాజకుమారుడి గౌరవం కోసం 1854లో పుట్టిన ర్యాంకు కథ, చివరికి కోర్టు బోనులో ముగిసింది.

మా అబ్బాయికి చెప్పిన మాట

ఇదంతా విని మా కుర్రాడు అడిగాడు. "అయితే అన్నా, ఆర్మీలో ఆర్డర్ పాటించకూడదా ఏంది?"

పాటించాలి అబ్బయ్యా. ఆర్డర్ పాటించకపోతే అది సైన్యమే కాదు. కానీ మన ఆర్మీ చట్టం, 1950 నాటిది, 41వ సెక్షన్ చూడు. పై అధికారి ఆజ్ఞ ధిక్కరిస్తే శిక్ష అని ఉంది. ఏ ఆజ్ఞ? చట్టబద్ధమైన ఆజ్ఞ. ఆ ఒక్క మాట ఊరికే పెట్టలేదు. జర్మనీ కూడా అంత అనుభవం అయ్యాక 1956లో తన సైనికుల చట్టంలో రాసుకుంది. నేరం చేయించే ఆర్డర్ అయితే సైనికుడు పాటించకూడదు అని. పాటించకపోయినా ఫర్వాలేదు అని కాదు, పాటించకూడదు అని.

నువ్వు సిపాయిగా వెళ్తావో, రేపు ఇంకా చదివి ఆఫీసరువే అవుతావో తెలీదు. భుజం మీద ఏది వచ్చినా సరే, పైనుంచి వచ్చింది కిందికి పంపాను అనే మాట నిన్ను కాపాడదు. మెట్టు ఎక్కేకొద్దీ నీ కింద ఉన్న ప్రాణాలు పెరుగుతాయి, నీ సంతకం బరువు పెరుగుతుంది. మూడు నక్షత్రాల కథ నాకు చెప్పింది ఇదే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ గ్లాసు పెట్టేసి, "సరేన్నా, ముందు 1600 కొట్టనీ" అని నవ్వి లేచాడు. నిజమే, ముందు అది కొట్టాలి.

సరే ఫ్రెండ్స్, ఈసారి సినిమాలో 'కల్నల్ జనరల్' అని కనపడితే పక్కనున్నవాళ్లకి మీరే చెప్పండి. మీ ఇంట్లో గానీ మీ ఊళ్లో గానీ సైన్యంలో చేసినవాళ్లుంటే, వాళ్ల భుజం పట్టీ మీద ఏముండేదో అడిగి తెలుసుకోండి. చాలా కథలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.